చౌదవీ సదీ, స్కైలాబ్, ఏఐ: చీమకుర్తిలో ఖయామత్ ఖౌఫ్

పోయిన జుమా రోజు నమాజ్ అయ్యాక మసీదు వరండాలో కాసేపు కూర్చున్నాం. చీమకుర్తి వెళ్లినప్పుడల్లా నాకది అలవాటు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు ఫోన్ తీసి వీడియో చూపించాడు. ఏఐ మనుషుల్ని మించిపోతుందట, ఇంకొన్నేళ్లలో ఇన్సాన్ అనేవాడే మిగలడట. పక్కనున్నాయన "దజ్జాల్ అంటే ఇదేనేమో" అన్నాడు. ఇంకొకాయన అస్తగ్‌ఫిరుల్లా అంటూ చెంపలు వేసుకున్నాడు. గోడకానుకుని కూర్చున్న ఒక బుజుర్గ్, ఎనభై దాటిన మనిషి, నవ్వి "అరే, ఇది ఇంకో స్కైలాబ్‌రా బాబూ" అన్నారు. అందరూ నవ్వారు. మాటలు అక్కడితో ఖతం.

మా వైపు ఏ భయాన్నయినా కొట్టిపారేయాలంటే స్కైలాబ్ అంటే చాలు. 2021లో ఆ పేరుతోనే ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. కరీంనగర్ వైపు పల్లెలో జరిగిన కథ. జనం నవ్వుతూ చూశారు, నేనూ నవ్వాను. కానీ ఈసారి ఇంటికొచ్చాక ఎందుకో నవ్వు రాలేదు. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి, నాకు 'తారీఖ్' అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. ఆ రోజుల తారీఖులు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను.

ముందు స్కైలాబ్ సంగతి. అమెరికా నాసా సంస్థ 1973 మే 14న ఆకాశంలోకి పంపిన ప్రయోగశాల అది. బరువు దాదాపు 77 టన్నులు. మూడు జట్లు వంతులవారీగా వెళ్లి అందులో ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరిలో చివరి జట్టు దిగిపోయాక అది ఖాళీ ఇల్లు. స్పేస్ షటిల్ తయారయ్యాక దాంతో స్కైలాబ్‌ని ఇంకాస్త పైకి నెట్టొచ్చని వాళ్ల లెక్క. షటిల్ ఆలస్యమైంది, 1981 దాకా ఎగరనేలేదు. ఈలోగా సూర్యుడి తీవ్రత అనుకున్నదానికన్నా పెరిగింది, పై గాలి వేడెక్కి ఉబ్బింది, ఆ రాపిడికి స్కైలాబ్ వేగం తగ్గి కిందికి జారడం మొదలుపెట్టింది. అసలు విషయం ఏమిటంటే, దాన్ని ఎక్కించినవాళ్లు అనుకున్న చోట దించే ఏర్పాటు చేయలేదు. ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదు. ఎవరో ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసాయే చెప్పింది.

ఈ ఖబర్ మా ఊరికి విజయవాడ రేడియోలో వచ్చింది. లెక్క రాలేదు, "పడబోతోంది" అన్న ముక్క వచ్చింది.

ఇప్పుడు 1979 జూలైలో చీమకుర్తి ఎలా ఉందో చూడండి. అప్పటికి ఇది లారీలు, క్రేన్లు తిరిగే గ్రానైట్ ఊరు కాదు. రామతీర్థం కొండ, పొగాకు, పత్తి, మిరప, మధ్యలో రాళ్ల చేలు. ఇరవై నెలల ముందు, 1977 నవంబర్ 19న, దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కే దాదాపు పదివేల ప్రాణాలు. ఆ దెబ్బ మరవకముందే 1979 మేలో ఇంకో తుఫాను. ఈసారి నేరుగా మా నెల్లూరు, ప్రకాశం తీరాన్నే కొట్టింది. వందలమంది పోయారు, చెట్లూ పశువులూ లెక్కలేదు. అది జరిగి సరిగ్గా రెండు నెలలు. ఆకాశం నుంచి ఏదో వస్తుందని రేడియో చెప్తే నవ్వే స్థితిలో ఎవరున్నారు? రేడియో చెప్పినప్పుడు నమ్మనివాళ్లు ఏమయ్యారో ఊరంతా చూసింది కదా.

మన ఇళ్లలో దీనికి తోడు ఇంకొకటి ఉంది. చౌదవీ సదీ. హిజ్రీ పద్నాలుగో శతాబ్దమే ఆఖరిది, పదిహేనోది ఉండదు అని మన బుజుర్గులు చెప్పుకునేవాళ్లు. ఖురాన్‌లో గానీ హదీసులో గానీ అలా లేదని ఇమామ్‌లు చెప్పినా వినేవాళ్లు కాదు. పిల్లలు ఎదురు మాట్లాడినా, ఆడపిల్ల గట్టిగా నవ్వినా "చౌదవీ సదీ వచ్చేసింది" అనడం ఒక వాడుక. ఇప్పటికీ పాత ఇళ్లలో ఈ మాట వినిపిస్తుంది. ఇక లెక్క చూడండి. 1979 జూలై అంటే హిజ్రీ 1399, షాబాన్ నెల సగానికొచ్చింది. స్కైలాబ్ పడ్డ జూలై 11, బుధవారం, షబె బరాత్ రోజుల్లోనే వచ్చింది. అంటే మరుసటి ఏడాది ఎవరి తఖ్దీర్‌లో ఏముందో రాసే రాత్రి అని మనవాళ్లు జాగారం చేసే రోజులు. సదీ చివరికొచ్చింది, తుఫాను వచ్చి వెళ్లింది, నెత్తిమీద 77 టన్నుల ఇనుము తిరుగుతోంది. ఢిల్లీలో మొరార్జీ సర్కార్ కూడా అదే వారం ఊగుతోంది, 15న రాజీనామా చేశారు. అయితే మా ఊళ్లో దాన్నెవరూ పట్టించుకోలేదు.

మా దాదీ చెప్పిన కథ ఇది. నేను అప్పటికి పుట్టలేదు. జూన్, జూలై అంటే పొగాకు బ్యారన్లు చల్లారిన కాలం, దాదాకి పని లేదు. ఇంట్లో రెండు మేకలు, ఒకటి సూడిది. ఊళ్లో హిందువులూ మనవాళ్లూ అని లేదు, అందరూ కోళ్లు కోసుకుంటున్నారు. చచ్చేలోగా కడుపునిండా తిందామని. అప్పులవాళ్లు కూడా "ఇంకేం తీరుస్తావులే" అని అడగడం మానేశారట, అదొక్కటే బాగుండేదని దాదా నవ్వేవారు. ఒక మేకను కోశారు, దస్తర్‌ఖాన్ మీద నాలుగు ఇళ్లవాళ్లు కూర్చున్నారు. సూడి మేకను కోయడానికి దాదీకి మనసు రాలేదు. ఊరిమీద తిరుగుతున్న ఒక బేరగాడికి అమ్మేసింది. సగం ధర కూడా రాలేదు. ఆ డబ్బుతో పిల్లలకు కొత్త బట్టలు కొన్నది, కఫన్‌కి బదులు అనుకుంటూ.

మా దాదా తమ్ముడు ఇంకా దూరం వెళ్లారు. అరెకరం రాళ్ల చేను అమ్మేశారు. ఆ చేను కింద తర్వాత గెలాక్సీ గ్రానైట్ దొరికిందని మా చిచ్చా అంటాడు, అబ్బా మాత్రం "క్వారీ పడింది ఆ పక్క చేలో, మాది ఇప్పటికీ రాళ్లే" అంటారు. ఈద్‌కి ఇద్దరూ కలిస్తే ఈ పంచాయితీ తప్పదు. నేను తేల్చలేను. నల్లరాయిలో బంగారు చుక్కలుండే ఆ గెలాక్సీ రాయి ఇప్పుడు ప్రపంచమంతా వెళ్తోంది. అప్పుడు మాత్రం కిందికి చూసినవాడు లేడు, అందరి కళ్లూ పైనే.

మన గడియారం ప్రకారం రాత్రి పది దాటాక అది పడింది. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే పట్టణం చుట్టుపక్కల కొంత. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. అక్కడి స్థానిక పాలకసంస్థ 'మా ఊళ్లో చెత్త వేశారు' అని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకే అనుకోండి. ముప్పై ఏళ్ల తర్వాత ఒక రేడియో ఆయన చందాలు పోగేసి ఆ జరిమానా కట్టాడు. నాసా కట్టలేదు.

చౌదవీ సదీ భయం కూడా అంతేనా అంటే, అక్కడ తారీఖ్ కాస్త తిరకాసు పెట్టింది. హిజ్రీ 1400 మొదటి రోజు, మొహర్రం 1, నవంబర్ 20న, తెల్లవారుజామున మక్కా హరమ్ షరీఫ్‌లో జుహైమాన్ అనేవాడు సాయుధులతో చొరబడి, తన బావమరిదే మెహదీ అని ప్రకటించాడు. రెండు వారాల ముట్టడి, వందల ప్రాణాలు. ఆకాశం నుంచి ఏమీ పడలేదు. సదీ మారుతోంది కాబట్టి ఏదో జరగాలి అని గట్టిగా నమ్మినవాళ్లే ఆ ఘోరం చేశారు. నన్నడిగితే ఖౌఫ్ వేరు, వహమ్ వేరు. ఖౌఫ్‌కి ఒక కారణం ఉంటుంది, వహమ్‌కి కారణం అక్కర్లేదు. మా దాదీది ఖౌఫ్. జుహైమాన్‌ది ఏమనాలో తెలియదు, దానికి వహమ్ అన్నది చాలా చిన్న మాట.

మరి ఇప్పటి ఏఐ భయం ఏది? వీడియో చూపించిన కుర్రాడికి నేను అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. పెద్దాయన పోలిక ఒక చోట తిరగబడుతుంది. 1979లో తయారుచేసినవాళ్లు 'భయపడకండి' అన్నారు, పల్లెలు భయపడ్డాయి. ఇప్పుడు తయారుచేసినవాళ్లే 'భయపడండి' అంటున్నారు, పల్లెలు నవ్వుతున్నాయి. 2023 మేలో జెఫ్రీ హింటన్ అనే శాస్త్రవేత్త గూగుల్ వదిలి బయటికొచ్చారు, ఈ ప్రమాదాల గురించి స్వేచ్ఛగా మాట్లాడటానికి. ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో ఆయనొకరు, మరుసటి ఏడాది ఫిజిక్స్‌లో నోబెల్ కూడా ఇచ్చారు. అదే నెలాఖరున ఒకే ఒక్క వాక్యం ఉన్న ప్రకటన వచ్చింది. మహమ్మారులు, అణుయుద్ధంతో సమానంగా ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును కూడా చూడాలని దాని సారాంశం. సంతకాలు చేసినవాళ్లలో హింటన్ ఉన్నారు, ఓపెన్‌ఏఐ, గూగుల్ డీప్‌మైండ్, ఆంత్రోపిక్ అధిపతులూ ఉన్నారు. ఆ నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో 28 దేశాలు ఒప్పుకున్న ప్రకటన మీద మన దేశమూ ఉంది.

ముప్పై ఏళ్లలో అంతా అయిపోయే అవకాశం 10 నుంచి 20 శాతం ఉండొచ్చని 2024 డిసెంబర్‌లో హింటన్ అన్నారు. 152లో ఒకటి పక్కన పెట్టి చూడండి. అయితే స్కైలాబ్‌ది లెక్క కట్టిన సంఖ్య, ఇది ఒక పెద్దమనిషి అంచనా. హింటన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న యాన్ లెకున్ ఈ భయమంతా అతి అంటారు. ఇద్దరూ ఉస్తాదులే. నేను తెలుగులో డిగ్రీ చేసిన విలేఖరిని, వాళ్ల మధ్య ఫైసలా చెప్పలేను. దించే దారి చూసుకోకుండా ఎక్కించడం మాత్రం నాకు అర్థమవుతుంది, అది స్కైలాబ్‌లో చూశాం. సంతకం చేసిన కంపెనీలు మరుసటి రోజు పని ఆపలేదన్నదీ అర్థమవుతుంది. మా ఊళ్లో అమ్మినవాళ్లు భయపడ్డారు, కొన్న బేరగాడు భయపడలేదు. ఆ రాత్రి వాడు కూడా అదే ఆకాశం కిందే పడుకున్నాడు మరి.

పైకి చూస్తూ కూర్చున్నప్పుడు కింద ఏం జరిగిందో తెలంగాణ చూపించింది. అక్కడి ప్రభుత్వం సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. బండ్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, ఇలా వేర్వేరు శాఖల చిట్టాలన్నీ కలిపి, పేర్లు, చిరునామాలు జతచేసి, ఎవరు పేదలో ఎవరు కాదో అది చెప్తుంది. ఇంటికొచ్చి చూసేవాళ్లు లేకుండానే లక్షల రేషన్ కార్డులు పోయాయి. హైదరాబాద్‌కు చెందిన ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దుల మీద కోర్టుకెక్కారు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల మీద తెలంగాణ హైకోర్టుకు వెళ్లిందీ ఆయనే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరును కారున్న ఇంకొకరి పేరుతో కలిపేసి, ఆయన బేవాకి బియ్యం ఆపేసిన ఉదంతం తర్వాత పత్రికల్లో వచ్చింది.

పేర్లు కలిపే యంత్రం అనగానే నాకు మనవాళ్లే కళ్లముందుకొచ్చారు. చీమకుర్తి బజార్లో నిలబడి "షేక్ మస్తాన్" అని కేకేస్తే ఎంతమంది తిరుగుతారు? షేక్ ఖాసిం, షేక్ మీరావలి, పఠాన్ కరీముల్లా. ఒకే పేరు, ఒకే వీధి, ఉర్దూ నుంచి తెలుగుకీ తెలుగు నుంచి ఇంగ్లీషుకీ పోయేటప్పుడు స్పెల్లింగ్ నాలుగు రకాలు. ఒకడి కారు ఇంకొకడి నెత్తిన పడటానికి ఇంతకన్నా ఏం కావాలి.

అల్గారిదమ్ అన్న మాట మన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చిందని జల్సాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నిజమే, తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్ పండితుడు. అయితే ఆయన బీజగణితం పుస్తకంలో చాలా భాగం మీరాస్ లెక్కలని చెప్పేవాళ్లు తక్కువ. చనిపోయినవాడి ఆస్తిలో బేవాకి ఎంత, కూతురికి ఎంత, వసీయత్ ఉంటే ఎంత. ఎవరి హక్ ఎవరికి చేరాలో తేల్చడానికి వేసిన లెక్కలు. పైగా ఆ లెక్కను వారసుడు అడిగితే ఖాజీ విప్పి చూపించగలడు. ఆ రిక్షా మనిషి బేవాకి ఎవరు విప్పి చూపించారు?

ఇది రాయడానికి ముందు అబ్బాకి ఫోన్ చేశాను, స్కైలాబ్ తారీఖులు సరిచూసుకుందామని. అప్పుడాయనకి పంతొమ్మిదేళ్లు. ఇన్నాళ్లూ దాదీ చెప్పని ముక్క ఒకటి చెప్పారు. స్కైలాబ్ ఎక్కడో పడిపోయిందని రేడియోలో విన్న పొద్దున, దాదీ ఫజర్ నమాజ్ దుప్పట్టా తీయకుండానే ఆ బేరగాణ్ణి వెతుక్కుంటూ నడిచి వెళ్లిందట. అబ్బా వెనకే వెళ్లారు. మేక ఇంకా వాడి దగ్గరే ఉంది, దాదీని చూసి అరిచింది. ఇచ్చిన డబ్బే తీసుకుని నా మేక నాకియ్యి అని దాదీ అడిగింది. బట్టలకి ఖర్చయినది పోగా చేతిలో ఉన్నదంతా చూపించింది. వాడు నిన్నటికి రెండింతలు చెప్పాడు.

"మరి తెచ్చుకున్నారా అబ్బా?"

"ఎక్కడి నుంచి తెస్తాం బేటా," అన్నారు, "తిరిగొచ్చేశాం."