గొంతు నుంచి గుండె దాకా: ఒక వ్యాధి కారణం తేలిన చరిత్ర

ఈ పాఠంలో రాజవంశాలు లేవు, యుద్ధాలు కూడా నేపథ్యంలోనే వస్తాయి. ఒక వ్యాధికి కారణమేమిటో మనుషులు ఎలా తెలుసుకున్నారు, ఎందుకు అంత ఆలస్యమైంది అన్నదే ఇక్కడి విషయం. చరిత్ర విద్యార్థులుగా మీకు కార్యకారణ సంబంధం అనే మాట కొత్తది కాదు. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని మీరు ఇప్పటికే చదివారు. దీనికి తిరగవేసిన సమస్య కూడా ఒకటుంది. కారణానికీ ఫలితానికీ మధ్య చాలా ఎడం ఉంటే, అవి రెండూ ఒకే కథలోవని ఎవరు గుర్తిస్తారు? రుమాటిక్ జ్వరం చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నేను వైద్యుణ్ణి కాను, చరిత్ర బోధించినవాణ్ణి. అందువల్ల వైద్య విషయాలను అవసరమైనంత మేరకే చెబుతాను.

ముందుగా జబ్బు నడకను తెలుసుకోండి. తొమ్మిదేళ్ల పిల్లకు గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. నాలుగైదు రోజుల్లో తగ్గిపోతాయి. పిల్ల బడికి వెళ్తుంది, ఇంట్లో వాళ్లు ఆ సంగతి మరిచిపోతారు. రెండు మూడు వారాల తరువాత మళ్లీ జ్వరం. ఈసారి మోకాలు వాస్తుంది, అది తగ్గుతుండగానే చీలమండ, ఆ తరువాత మోచెయ్యి. కొన్ని వారాల్లో కీళ్ల వాపు కూడా మచ్చ లేకుండా పోతుంది. గుండె కవాటాలకు పడిన దెబ్బ మాత్రం పోదు. కవాటం గట్టిపడి, దాని దారి ఏటేటా ఇరుకవుతుంది. పదిహేనేళ్ల తరువాత ఆ పిల్ల తల్లి కాబోతున్నప్పుడు మెట్లు ఎక్కలేక ఆయాసపడుతుంది. ఒక్కోసారి గుండె పై గదిలో గడ్డకట్టిన రక్తం ముక్క విడిపోయి మెదడు ధమనిలో అడ్డుపడి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతాయి. పాతికేళ్ల యువతి పక్షవాతానికి, తొమ్మిదో ఏట వచ్చిన గొంతు నొప్పికి సంబంధం ఉందని ఎవరికైనా ఎలా తోస్తుంది?

చరిత్రలో ఈ గొలుసు చివరి నుంచి మొదటికి, అంటే గుండె వైపు నుంచి గొంతు వైపుకు తెలిసింది. కీళ్ల జ్వరం వచ్చినవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనబడుతోందని లండన్‌లో డేవిడ్ పిట్‌కైర్న్ 1788 ప్రాంతంలోనే తన విద్యార్థులకు చెప్పేవాడు. 1812లో విలియం చార్లెస్ వెల్స్ అలాంటి రోగుల వివరాలు ప్రచురించాడు. 1816లో ఫ్రాన్స్‌లో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టిన తరువాత, బతికున్న రోగి గుండెలోని తేడాను చెవితో వినడం సాధ్యమైంది. ఇది చిన్న మార్పు కాదు. అంతవరకు కవాటం పాడైందని తెలియాలంటే శవాన్ని కోసి చూడవలసిందే. 1836 నాటికి పారిస్‌లో బుయో, తీవ్రమైన కీళ్ల జ్వరంలో గుండె దెబ్బతినడం అరుదైన విషయం కాదని, అదే మామూలని స్థిరంగా చెప్పగలిగాడు. 1852లో విలియం సెన్‌హౌస్ కర్క్స్ కవాటాల మీద పేరుకున్న పదార్థం తెగి, రక్తంతో కొట్టుకుపోయి మెదడు ధమనులను మూసివేస్తుందని చూపించాడు. గుండె, కీళ్లు, ధమనులు ఒక కథలోకి వచ్చాయి. గొంతు మాత్రం ఇంకా బయటే ఉంది.

లండన్‌లో పిల్లల వైద్యుడు వాల్టర్ చీడిల్ 1889లో చేసిన ఉపన్యాసాల్లో గొంతు వాపును కూడా ఈ జబ్బు లక్షణాల వరుసలో చేర్చాడు. అయితే అది కారణమా, తోడుగా వచ్చే లక్షణమా అన్నది తేలలేదు.

ఇక్కడ కాసేపు మరో వ్యాధి వైపు చూడాలి. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడకుండా చేసే జబ్బు. గొంతు తేరుకుంటోంది అనుకున్న పిల్లలు కూడా రెండో వారంలో గుండె ఆగి చనిపోయేవారు. 1884లో ఫ్రెడరిక్ లోఫ్లర్ ఈ జబ్బు క్రిమిని వేరుచేశాడు. కాని క్రిమి గొంతులోనే ఉంది, పాడైన గుండెలో లేదు. గొంతులో కూర్చుని ఏదో విషాన్ని పంపుతూ ఉండాలని ఆయన ఊహించాడు. 1888లో పారిస్‌లో రూ, యెర్సిన్ ఆ క్రిమి పెరిగిన ద్రవాన్ని వడపోసి, క్రిమి లేని ఆ ద్రవమే జంతువులను చంపుతుందని నిరూపించారు. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి పేరు వినే ఉంటారు. టీకాలు అందని పిల్లలు ఈ శతాబ్దంలో కూడా ఈ జబ్బుతో అక్కడికి వచ్చారు.

గొంతులోని క్రిమి దూరాన ఉన్న గుండెను దెబ్బతీయగలదన్న ఆలోచన, కాబట్టి, 1890 నాటికే సిద్ధంగా ఉంది. మరి రుమాటిక్ జ్వరం విషయంలో అది ఎందుకు పనికి రాలేదు? నా ఉద్దేశంలో కారణం, ఆనాటి పరిశోధకులు క్రిమిని గుండెలోనే, కీళ్లలోనే పట్టుకోవాలని పట్టుబట్టడం. 1900లో పాయింటన్, పెయిన్ అనే ఇద్దరు వైద్యులు దానిని పట్టుకున్నామని ప్రకటించారు. ఇతరులు వెతికితే చాలాసార్లు దొరకలేదు. దొరకనివారు అసలు క్రిమే కారణం కాదన్నారు. ఇరుపక్షాలూ చూడవలసిన చోటు చూడలేదు, చూడవలసిన సమయంలో అంతకన్నా చూడలేదు. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి గొంతు శుభ్రంగా ఉండేది.

క్రిమి తానే ప్రయాణం చేసే జబ్బులూ ఉన్నాయి. 1936లో ఆంద్రె లెమియేర్ వర్ణించిన జబ్బులో, గొంతులోని క్రిములు మెడ సిరలోకి దిగి అక్కడ రక్తం గడ్డకట్టించి, ఆ ముక్కలను ఊపిరితిత్తులకు పంపుతాయి. ఆయన చెప్పిన 20 మంది రోగులలో 18 మంది చనిపోయారు. అక్కడ దారి కళ్లకు కనబడుతుంది. రుమాటిక్ జ్వరంలో అలాంటి ఆనవాలు లేదు.

ఆ మూడు వారాల నిశ్శబ్దాన్ని ఛేదించినది ఖరీదైన పరికరం కాదు, ఓపిక. న్యూయార్క్‌లో ఆల్విన్ కోబర్న్ రోగుల గొంతులను నెలల తరబడి, మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ పోయాడు. స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతులో కనబడిన కొద్ది వారాలకు జ్వరం తిరగబెడుతోందని 1931లో పుస్తకంగా రాశాడు. అదే కాలంలో లండన్‌లో విలియం కాలిస్ కూడా ఇదే మాట చెప్పాడు. 1932లో ఎడ్గర్ టాడ్, ఈ క్రిమి వదిలే పదార్థానికి ఎదురుగా రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలను కొలిచే పద్ధతి చూపించాడు. నేటికీ మన ప్రయోగశాలల్లో ఏ.ఎస్.ఓ. పరీక్ష అని రాసేది దీనినే. చరిత్రకారుల భాషలో చెప్పాలంటే, సాక్షి వెళ్లిపోయినా దస్తావేజు మిగిలింది. 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ ఈ క్రిములను వర్గాలుగా విభజించడంతో, మనుషుల గొంతును పట్టేది ప్రధానంగా ఏ వర్గమో తేలింది. క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న రక్షణే, పోలికను బట్టి పొరపడి సొంత గుండె మీదకు తిరుగుతుందన్న వివరణ ఆ తరువాతి దశాబ్దాలలో బలపడింది.

ఇంత తెలిసినా ఇది అనుమానమే, రుజువు కాదు. రుజువు సైనిక శిబిరంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బారకాసుల్లో కిక్కిరిసి పడుకున్న అమెరికన్ యువకులలో ఈ జబ్బు విజృంభించింది. నౌకాదళంలో సల్ఫా మందును అందరికీ పంచితే, ఆ మందుకు లొంగని క్రిములు పుట్టుకొచ్చాయి. యుద్ధం ముగిశాక వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రాన్సిస్ ఇ. వారెన్ వైమానిక స్థావరంలో రామెల్‌క్యాంప్ నాయకత్వంలో ఒక బృందం పనిచేసింది. గొంతు వాచిన సైనికులను వారి క్రమసంఖ్యల ఆధారంగా రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి పెన్సిలిన్ ఇచ్చారు, రెండో భాగానికి ఇవ్వలేదు. డెనీ, వానమేకర్ మొదలైనవారు 1950లో ప్రకటించిన ఫలితం ఇది: మందు పొందిన 798 మందిలో ఇద్దరికి, పొందని 804 మందిలో 17 మందికి రుమాటిక్ జ్వరం వచ్చింది.

ఈ అంకెలను ఒకసారి నిలబడి చూడండి. ఇద్దరికీ పదిహేడుగురికీ మధ్య తేడాయే మన రుజువు. ఆ పదిహేడుగురూ పేర్లున్న యువకులు. అయితే 1950కి ముందు పెన్సిలిన్ ఈ జబ్బును ఆపుతుందని ఎవరికీ ఖాయంగా తెలియదు కనుక, ఆ ప్రయోగాన్ని తప్పుపట్టడానికి నేను తొందరపడను. తరువాత జరిగినదాని మాట వేరు. 1966లో హార్వర్డ్ వైద్యుడు హెన్రీ బీచర్ అనైతికమైన పరిశోధనల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మొట్టమొదటి ఉదాహరణ ఇలాంటిదే. పెన్సిలిన్ పనిచేస్తుందని తేలిపోయాక కూడా 109 మంది సైనికులకు మందు పేరుతో ఉత్త పదార్థం ఇచ్చారు. వారిలో ఇద్దరికి రుమాటిక్ జ్వరం, ఒకరికి మూత్రపిండాల వాపు వచ్చాయి. రెండు ప్రయోగాల రూపం ఒకటే. మధ్యలో మారినది తెలిసిన విషయం. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి రాసేవారు ఏటా ఉంటారు, అలా రాయకండి.

మరి మన దేశం సంగతి? ఇది చలిదేశాల జబ్బు, ఉష్ణదేశాలలో అరుదు అన్న అభిప్రాయం వలసపాలన కాలంలో పాతుకుపోయింది. వెతకనిది కనబడదు కదా! పి. కుటుంబయ్య 1939లోనే దక్షిణ భారత రోగుల గుండెలలో ఈ జబ్బు చేసిన మార్పుల మీద అధ్యయనం ప్రచురించారు. 1963లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నుంచి ఎస్.బి. రాయ్ బృందం లాన్సెట్ పత్రికలో మరో ముఖ్యమైన సంగతి చెప్పింది. పాశ్చాత్య దేశాలలో నడివయసులో కనబడేంత ఇరుకైన కవాటం భారతదేశంలో ఇరవై ఏళ్లు నిండని పిల్లలలోనే కనబడుతోందని. ఆ బృందంలో వులిమిరి రామలింగస్వామి ఒకరు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన శాస్త్రవేత్త ఆయన.

చలికంటె ఇరుకు ఇల్లు ముఖ్యమని ఐరోపా చరిత్రే చెబుతోంది. అక్కడ పెన్సిలిన్ రాకముందే, ఇళ్లు విశాలమై ఒక గదిలో పడుకునేవారి సంఖ్య తగ్గుతున్నకొద్దీ, ఈ జబ్బు తగ్గడం మొదలైంది. మందు ఆ తగ్గుదలను వేగవంతం చేసింది. మనకు మందు వచ్చింది, గదులు పెరగడం మాత్రం వెనుకబడింది.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చినవారికి అది తిరగబెట్టకుండా ఇచ్చే బెంజథీన్ పెన్సిలిన్ 1950ల తొలినాళ్లది. తొడకో పిరుదుకో వేసే ఆ సూది బాగా నొప్పి పెడుతుంది. మన దేశంలో మూడు వారాలకొకసారి, ఏళ్ల తరబడి వేయించుకోవాలి. కూలి పోతుందని, బస్సు ఛార్జీ లేదని, పిల్ల ఆరోగ్యంగానే ఆడుకుంటోంది కదా అని మానేసేవారు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది 2018లో. అప్పటికి వారెన్ స్థావరం ఫలితాలు వెలువడి 68 ఏళ్లు.