వర్గమూలానికి రెండు దారులు

మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటూ కాలిక్యులేటర్ మీద 2 నొక్కి, వర్గమూలం గుర్తు నొక్కింది. 1.4142135 అని వచ్చింది. "నాన్నా, దీనికెలా తెలిసింది?" అని అడిగింది. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి. "లోపల ప్రోగ్రాం ఉంటుందమ్మా" అని తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. వర్గమూలానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. రెండూ యంత్రాలు పుట్టకముందే మనుషులు వేసినవే.

మొదటిది, ఒక విలువ ఊహించి దిద్దుకుంటూ పోవడం. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రం క్రీస్తుకు పూర్వం కొన్ని శతాబ్దాల నాటిది. అందులో 2 వర్గమూలాన్ని ఇలా చెప్పారు: ఒకటికి మూడోవంతు కలుపు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలుపు, దానిలో ముప్ఫైనాలుగోవంతు తీసెయ్యి. అంటే 577/408, దాదాపు 1.414216. సూత్రం ఫలితమే చెబుతుంది, దారి చెప్పదు. కానీ మనం 4/3తో మొదలుపెట్టి చూద్దాం. 2ని 4/3తో భాగిస్తే 3/2. రెండింటి సగటు 17/12. మళ్లీ అలాగే చేస్తే సరిగ్గా 577/408! ఈ సగటు పద్ధతిని ఒకటో శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ రాసిపెట్టాడు. న్యూటన్ పేరుతో మేం కాలేజీలో చదివిన పద్ధతి కూడా వర్గమూలం దగ్గరకొచ్చేసరికి ఇదే అవుతుంది.

రెండోది, ఒక్కో అంకే రాబట్టడం. క్రీ.శ. 499 నాటికి ఇరవైమూడేళ్లవాడైన ఆర్యభటుడు దీన్ని ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. 625 తీసుకోండి. 6లో ఇమిడే పెద్ద వర్గం 4, దాని మూలం 2. మిగిలిన 2 పక్కన తర్వాతి 2 దించితే 22. దాన్ని 2కి రెట్టింపైన 4తో భాగిస్తే 5, శేషం 2. ఆఖరి 5 దించితే 25. అందులోంచి 5 వర్గం తీసేస్తే సున్నా. జవాబు 25. అంకెలకు స్థానవిలువ లేనిదే ఈ పని సాగదు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వర్గమూలాన్ని మూలపరికర్మల్లో చేర్చాడు. ఆ గ్రంథాన్ని తెనిగించినవాడు మన పావులూరి మల్లన.

1972లో హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌తో వర్గమూలం జేబులోకొచ్చింది. ఆ కంపెనీ కాలిక్యులేటర్లు వర్గమూలం ఎలా కడతాయో ఇంజనీరు విలియం ఎగ్బర్ట్ 1977లో వివరించాడు. వరసగా బేసి సంఖ్యలు తీసేస్తూ ఒక్కో అంకే రాబట్టడం. అది రెండో దారికి దగ్గరి చుట్టం!

ఆదివారం అమ్మాయినీ, కాగితాన్నీ పెట్టుకుని కూర్చున్నాను. 577/408 దాకా తనే చేసింది. వర్గం కట్టి చూస్తే 2 కంటే 1/166464 మాత్రమే ఎక్కువ. "ఇంకోసారి దిద్దితే?" అంది. 665857/470832 వచ్చింది. అదీ కాస్త ఎక్కువే.

"ఎప్పటికైనా అయిపోతుందా నాన్నా?"

"అవదమ్మా. ఏ భిన్నం వర్గమూ సరిగ్గా 2 కాదు."

కాలిక్యులేటర్ వైపు చూసింది. అది చోటు చాలక ఆగిందే తప్ప లెక్క పూర్తయి కాదు. ఆ సంగతి మీట నొక్కినంతకాలం మా ఇద్దరికీ తట్టలేదు.