బందూకుల సేకరణకు ఒక విషయం

అల్మాస్‌గూడలో కాపురముంటున్న మిత్రులొకరు ఇటీవల ఒక సందేహంతో నా వద్దకు వచ్చినారు. వారి ఇంట్లో తాతగారి కాలపు భర్మారు తుపాకి ఒకటి ఉండేది. తాతగారు కాలం చేసిన తరువాత, వారి పేరిట ఉన్న లైసెన్సు ఇతరులకు చెల్లదు కనుక, దానిని పోలీసు ఠాణాలో అప్పగించినారు. తుపాకి పోయినది గాని, దాని మీది మోజు పోలేదు. పాత ఆయుధాలను కూర్చి ఇంట ఒక గదిలో పెట్టుకోవలెనని మిత్రుని కోరిక.

"కూర్చాలని ఉన్నది గాని, ఏవి కూర్చాలెనో తెలుస్తలేదు సార్. కనబడ్డదల్లా కొంటే ఇల్లు గుజిరీ దుకాణమైతది" అన్నారు.

ఆ మాటలోనే సగం వివేకం ఉన్నది. సేకరణకు ఒక విషయం ఉండవలెనని వారికి తోచినది. ఎటువంటి విషయమన్నదే మిగిలిన చిక్కు.

హైదరాబాదు వాసులకు సేకరణ అనగానే మూడవ సాలార్‌జంగు జ్ఞప్తికి వస్తారు. మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో జన్మించి, 1912 నుండి 1914 వరకు దివానుగా ఉండి, ఆ పిదప జీవితమంతా వస్తువులను కూర్చడంలోనే గడిపి 1949లో దివంగతులైనారు. గడియారాలు, బొమ్మలు, పింగాణీ, వ్రాతప్రతులు, కత్తులు, కఠారులు, తుపాకులు - ఇది కావలెను, ఇది వద్దు అన్న నియమమే లేదు. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారు దివాన్ దేవిడీలో ఆ ప్రదర్శనశాలను ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు శాసనం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి తరలినది. అంత సంపద, అంతటి దేవిడీ ఉన్నవారికి విషయం లేకపోయినా సాగుతుంది. వస్తువుల రాశియే అక్కడ విషయమైపోయినది. మూడు గదుల ఇల్లు గలవారు ఆ బాట పట్టరాదు.

ఇంగ్లండులో విల్‌బ్రహాం ఎగర్టన్ అనే ప్రభువు వేరొక మార్గం చూపినాడు. భారతదేశపు ఆయుధాలను గూర్చి 1880లో ఆయన ప్రకటించిన గ్రంథంలో వాటిని ప్రాంతాలను బట్టి, వాడిన జనులను బట్టి వర్గీకరించినాడు. ఏ సీమలో ఏ ఇనుము, ఏ పని, ఏ యుద్ధరీతి అన్నది ఆ వరుసలో కొంత తెలుస్తుంది. ఒక సీమను విషయంగా తీసుకోవడం సాలార్‌జంగు పద్ధతి కంటే గృహస్థునకు మేలైనదే.

మా మిత్రుని మనస్సు కూడ అటే పోయినది. అల్మాస్‌గూడ నుండి సరూర్‌నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరి, మరికొంత ముందుకు పోతే మూసారాంబాగ్ వస్తుంది. అక్కడికి దాపుననే అస్మాన్‌గఢ్ గుట్టమీద మొస్యే రేమోఁ సమాధి ఉన్నది. నల్లరాతి స్తంభం, దానిమీద రెండు ఫ్రెంచి అక్షరాలు, పక్కన గ్రీకు దేవాలయం వంటి మంటపం. మన జనం ఆ ఫ్రెంచివానిని తమలో కలుపుకొన్న తీరు ముచ్చటైనది. హిందువులకు ఆయన మూసా రాముడు, ముస్లిములకు మూసా రహీము. పేట పేరులో నేటికీ ఆయన ఉన్నాడు.

మిషెల్ జొయాకిం మారీ రేమోఁ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ సీమలో పుట్టినాడు. 1775లో వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరికి వచ్చి, సిపాయిగా మారి, 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరినాడు. ఆయన దళం మొదట మూడువందల మంది. ఆ మూడువందల తుపాకులు కూడ ఆయనవి కావు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినాడని చరిత్రకారులు వ్రాసినారు. మనం పెండ్లికి వంటపాత్రలు తెచ్చుకొన్నట్లు సేనకు తుపాకులు తెచ్చుకొన్నాడన్నమాట! పదేండ్లు తిరగకముందే ఆ దళం పదిహేనువేల దాకా పెరిగినది. ఫతే మైదాన్ సమీపాన తోప్ కా సాంచా వెలసినది. మనం నేడు గన్‌ఫౌండ్రీ అని పిలిచే పేటకు ఆ పేరు ఆ ఫిరంగుల కార్ఖానా వల్లనే వచ్చినది. అద్దె తుపాకి నుండి సొంత కొలిమి దాకా పోయిన ఆ పదేండ్ల కథ ఏ సేకరణకైనా విషయం కాగలదు.

1798 మార్చి 25వ తేదీన రేమోఁ మరణించినాడు. సెప్టెంబరు 1వ తేదీన నిజాము కుంపిణీతో సంధి చేసుకొన్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయవలెనన్నది అందులోని ఒక షరతు. అక్టోబరు 22వ తేదీన కుంపిణీ సేన చుట్టుముట్టగా, పదివేలకు మించిన సిపాయిలు రక్తపాతం లేకుండా ఆయుధాలు క్రింద పెట్టినారు. అంతకు ముందే జీతం బకాయిల కోసం ఆ సిపాయిలు తమ దొరలమీదనే తిరగబడి ఉండినారు. ఒక్క పూటలో ఒక రాజ్యం చేతిలోని బలం మరొకరి వశమైనది. ఈ ఘట్టాన్ని గూర్చి మన పాఠ్యపుస్తకాలలో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండవు.

ఇదంతా చెప్పిన తరువాత మిత్రుని ఉత్సాహానికి మేర లేకపోయినది. రేమోఁ తుపాకులే కూర్చుతానన్నారు. అక్కడ నేను కొంచెం వెనుకకు లాగవలసి వచ్చినది.

కారణమేమనగా, పేరు మీద కట్టిన సేకరణ పేరుతోనే మోసపోతుంది. ఫలానా రాజు కత్తి, ఫలానా సేనాని పిస్తోలు అనగానే ధర పది రెట్లవుతుంది. ఇనుముమీద పేరు చెక్కడానికి ఒక ఉలి, ఒక మధ్యాహ్నం చాలును. తుపాకి అంగనిర్మాణాన్ని మార్చడం మాత్రం అంత తేలిక కాదు. అందుచేత పేరును గాక పనితనాన్ని చదవడం ముందు నేర్చుకోవలెను.

ఆనాటి ఫ్రెంచి సైనికుల తుపాకికి గొట్టాన్ని, కొయ్యను కలిపి బిగించే లోహపు పట్టీలు ఉంటాయి. ఇంగ్లీషు తుపాకికి పట్టీలు ఉండవు. కొయ్యకు అడ్డంగా దూర్చిన సన్నని చీలలు గొట్టాన్ని పట్టి ఉంచుతాయి. చీకటిలో చేతితో తడిమి కూడ ఈ భేదం చెప్పవచ్చును. కుంపిణీ తుపాకుల మీద మొదట హృదయాకారపు ముద్ర, అందులో కుంపిణీ పేరు అక్షరాలు ఉండేవి. 1808 నుండి దాని స్థానంలో సింహం ముద్ర వచ్చినది. ఎనిమిది అణాల అద్దె కథ ఎంత రుచిగా ఉన్నా, పాత తుపాకి చేతికి వచ్చినప్పుడు పనికి వచ్చేవి ఈ పట్టీలు, చీలలు, ముద్రలే.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి. మందుకు నిప్పు ఎట్లా అందుతున్నది? వత్తి తుపాకిలో రగులుతున్న త్రాడు కొస వంగి మందును తాకుతుంది. చకుముకి తుపాకిలో రాయి ఉక్కును కొట్టి నిప్పురవ్వలు రాల్చుతుంది. మూడవది టోపీ తుపాకి. స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్, దెబ్బ తగిలితే మండే రసాయనాన్ని తుపాకికి ఉపయోగించి 1807లో హక్కుపత్రం పొందినాడు. అటుపిమ్మట కొన్నేండ్లకు ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో పెట్టి, గొట్టం మొదట ఉన్న చనుమొన వంటి భాగానికి తొడగడం వచ్చినది. ఆ తరువాతది మందు, గుండు, టోపీ ఒకటే అయిన తూటా.

ఒకటి వచ్చినంత మాత్రాన మునుపటిది పోలేదు. చకుముకి తుపాకికి మంచి ఉక్కు స్ప్రింగు కావలెను. వత్తి తుపాకిని ఊరి కమ్మరి బాగుచేయగలడు. అందువల్ల ఐరోపాలో మూలపడిన వత్తి తుపాకి మన దేశంలో పందొమ్మిదవ శతాబ్దమంతా బ్రతికినది. నోటినుండి మందు, గుండు కూరే భర్మారు కథ కూడ అంతే. చేనిమీద పడే అడవిపందులను తరిమిన తుపాకి అదే, దొరల గడీలలో గోడకు వ్రేలాడినదీ అదే. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలలు, కర్రలు పట్టిన రైతుల చేతికి గడీలనుండి వచ్చినదీ అదే. గడీ గోడ నుండి రైతు భుజానికి అది నడిచిన దూరం కొలవగలిగితే మన శతాబ్దపు చరిత్రలో పెద్ద భాగం కొలిచినట్లే. రేమోఁ తుపాకి కంటె మా మిత్రుని తాతగారి తుపాకి తక్కువదని నేను ఎంతమాత్రం అనుకోను.

ఈ మాటలు జరిగిన పదిహేను దినాలకు మిత్రులు మళ్ళీ వచ్చినారు. ఒక దళారి వారికి రేమోఁ సొంత పిస్తోలు చూపినాడట. గొట్టంమీద పేరు, 1796 అన్న సంవత్సరం ఉన్నవి. అడిగిన ధర, వారు కూతురి చదువుకు దాచిన సొమ్ముకు సరిపోయేది. బయానా ఇవ్వబోతూ, మా సంభాషణ గుర్తుకు వచ్చి, నిప్పు ఎక్కడ పుడుతున్నదని చూసినారు. టోపీ తొడిగే మొన కనబడ్డది. 1796లో టోపీ ఎక్కడిది?

దళారి గట్టివాడు. "పాత చకుముకి పిస్తోలునే తరువాత టోపీకి మార్చినారు" అన్నాడు. ఆ వాదన త్రోసివేయదగినది కాదు. అట్లా మార్చిన తుపాకులు వేలున్నవి. కాని మార్చిన వానికి గుర్తు ఉంటుంది. చకుముకి నిప్పు పడే చిన్న గిన్నెను, ఉక్కు పలకను ఊడదీసినచోట, ప్రక్క రేకుమీద మరలు బిగించిన రంధ్రాలో, వాటిని పూడ్చిన మచ్చలో మిగులుతాయి. మిత్రులు అద్దం పెట్టి చూసినారు. రేకు నున్నగా ఉన్నది. పుట్టుకతోనే అది టోపీ పిస్తోలు. సొమ్ము బ్యాంకులోనే ఉండిపోయినది.

చట్టం సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. 1959 నాటి ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోకి వచ్చినది. ఒక వ్యక్తి వద్ద మూడు తుపాకులకు మించి ఉండరాదని 1983లో సవరించినారు. 2019లో ఆ సంఖ్యను రెండుకు తగ్గించినారు. తాతతండ్రుల ఆస్తిగా వచ్చినవి కూడ ఆ రెండింటిలోనికే వస్తాయి. అయితే పాతకాలపు తీరుదో, పురావస్తువో, పాడైనదో అయి, బాగుచేసినా చేయకపోయినా ఇక కాల్చడానికి పనికిరాని ఆయుధానికి చట్టం మినహాయింపు ఇచ్చినది. "బాగుచేసినా" అన్న మాట గట్టిది. తుప్పుపట్టినంత మాత్రాన తుపాకి చచ్చినట్లు కాదు. ఆ నిర్ణయం మనం చేసుకోదగినది కాదు; లైసెన్సు అధికారిని అడిగి వ్రాతపూర్వకంగా తెలుసుకోవలెను. తెలియక ఇంట పెట్టుకొన్నామన్నది కోర్టులో నిలిచే జవాబు కాదు.

కాబట్టి ఇరవై బందూకుల గది అనే కల మిత్రులు వదలుకొన్నారు. "నిప్పు" అనే విషయం తీసుకొన్నారు. చకుముకి రాళ్ళు, మందుకొమ్ములు, సీసపు గుండ్లు పోసే అచ్చులు, పాత లైసెన్సు కాగితాలు, వేట చిత్రాలు. ఎప్పుడైనా కాలానికి లొంగిపోయిన తుపాకి ఒకటో రెండో దొరికితే, అధికారి అనుమతితో అవి. ఆ పద్ధతిలో ప్రతి వస్తువూ పక్కదానికి జవాబు చెప్పవలసి ఉంటుంది. చెప్పలేనిది ఎంత అందంగా ఉన్నా గదిలోనికి రాదు. ఠాణాలోని భర్మారుకై దరఖాస్తు వేరే నడుస్తున్నది.

మొన్న ఆదివారం వారి ఇంటికి పోయినాను. అలమరలో ఇంకా ఒక్కటే వస్తువు ఉన్నది. ఎద్దు కొమ్ము, మూతికి ఇత్తడి బిళ్ళ. తాతగారు అందులో తుపాకిమందు పోసుకొనేవారు. ఆయన పోయిన తరువాత నాయనమ్మ దానిని కడిగి, బండి ఇరుసుకు రాసే ఆముదం పోసి కొట్టంలో వ్రేలాడదీసిందట. అందుకే నేటికీ జిడ్డు వదలలేదు. దాని ప్రక్కన మిత్రులు ఒక చీటి పెట్టినారు: ఎవరిది, ఎక్కడ దొరికినది, ఎవరు చెప్పినారు, ఏ తేదీన. ఆముదం సంగతి కూడ వ్రాయమన్నాను. మొదట సిగ్గుపడ్డారు గాని, వ్రాసినారు.