రెక్క

సంస్కృతంలో భుజం అంటే చెయ్యి. చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడే. తెలుగులోకొచ్చాక ఆ మాట పైకి పాకి మెడ పక్కన ఆగిపోయింది. రెక్క అలా ఆగలేదు. ఒకప్పుడు బండి ఱతో రాసిన ఈ మాటకు తమిళ ఇఱక్కై చుట్టం. పక్షికీ తలుపుకీ రెక్కలున్నాయి సరే, ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్నప్పుడు జబ్బ నుంచి వేళ్లదాకా అంతా రెక్కే. కదలికను కొలిచేవాళ్లకు ఈ మాటే దగ్గరని నా వాదన. డొంకూరు తీరంలో విసురువల వేసే చేతిని చూడండి: వెనక్కి వెళ్లి, లేచి, మెలితిరిగి ముందుకొస్తేనే వల గుండ్రంగా విచ్చుకుంటుంది. ఇందులో భుజం కీలు ఒక్కటే ఆడదు. చెయ్యి 180 డిగ్రీలు లేస్తే సుమారు 120 కీలువి, 60 వీపు మీద జారే రెక్క ఎముకవి అని 1944లో ఇన్‌మన్ బృందం లెక్కగట్టింది. మనిషి మనిషికీ కొంత తేడా ఉంటుందనుకోండి.

2005లో అంతర్జాతీయ బయోమెకానిక్స్ సంఘం చేతి కదలికను మూడు కోణాల్లో, వరుసగా చెప్పమంది: ఏ దిక్కున లేచింది, ఎంత లేచింది, తన చుట్టూ తాను ఎంత తిరిగింది. వరుస ఎందుకంటారా? అరచెయ్యి తొడకు ఆనించి, చెయ్యి ముందుకెత్తి, అదే ఎత్తులో పక్కకు తిప్పి దించండి. మెలితిప్పకుండానే అరచెయ్యి ముందుకు చూస్తుంది. అంటే వెళ్లిన దారిని బట్టి ఫలితం మారుతుంది. దీన్నే కాడ్‌మన్ చిక్కు అంటారు. రెక్కకు ఇన్ని అర్థాలుంటే శాస్త్రానికెలా పనికొస్తుందని అడగొచ్చు. నిజమే, కోణాలు రాసే కాగితం మీద భుజాస్థి (జబ్బ ఎముక), రెక్క ఎముక అని విడివిడిగానే రాయాలి. మన పెద్దలేమీ డిగ్రీలు చూసి పేరు పెట్టలేదు. కానీ నొప్పెక్కడని వెతికే డాక్టరుకు భుజం అంటే చూపు కీలు మీదికే పోతుంది. రెక్క అంటే వీపు కూడా తడమాలి.