రంగు కోసం తరలిపోయిన చేవ

ఉమ్మడి కడప జిల్లాలోని పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలికొండల వాలుల్లో, వాన తక్కువగా పడి రాయి ఎక్కువగా తేలిన నేలల్లో, ఎర్రచందనం సహజంగా పెరిగినంత విస్తారంగా ప్రపంచంలో మరెక్కడా పెరగదు. వృక్షశాస్త్రవేత్త చిన్న లిన్నేయస్ 1781 నాటి తన గ్రంథంలో టెరోకార్పస్ శాంటలైనస్ అని పేరు పెట్టిన ఈ చెట్టు విలువంతా దాని చేవలో, అంటే కాండం నడుమ ముదిరి ఎర్రబారిన గట్టి కలపలో ఉంది.

ఈ చేవను యూరప్ ప్రధానంగా రంగు కోసమే కొన్నది. శాంటలిన్ అనే ఎర్రని పదార్థం నీటిలో దాదాపు కరగదు గాని సారాయిలో సులువుగా కరుగుతుంది కనుక, మద్రాసు రేవు దాటిన దుంగలు ఉన్ని అద్దకానికే కాక మందుల తయారీకీ చేరాయి. అయితే అక్కడ కూడా ఈ కలప పని రంగునివ్వడమే. బ్రిటిష్ ఔషధ గ్రంథాల్లోని లావెండర్ టింక్చర్‌కు ఎరుపు దీనివల్లనే వచ్చేది. 1856లో ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కృత్రిమ రంగును కనుగొన్న తరువాత అద్దకపు గిరాకీ క్రమంగా తగ్గిపోగా, చైనాలో రాచరికపు సామాను చేసేవారికీ, జపాన్‌లో షామిసెన్ వాద్యం చేసేవారికీ మాత్రం ఈ చేవపై మోజు తగ్గలేదు. రాయలసీమ ఇళ్ళలో దీన్ని సానపై అరగదీసి వాపులకు పూశారు. ఆయుర్వేదం దీన్ని రక్తచందనమనే పేరుతో పిత్తాన్ని చల్లార్చే ద్రవ్యంగా లెక్కించింది. ఈ చేవ కథ ఆధునిక కాలంలో మూర్ఛరోగం వైపు మళ్ళినా, పాత వైద్యంలో చరకసంహిత ప్రత్యేక అధ్యాయాలు కేటాయించిన అపస్మారానికి, అంటే మూర్ఛరోగానికి, పేరుపొందిన మూలికలు బ్రాహ్మి, వస వంటివే గాని రక్తచందనం కాదు.

ఆ చేవలోనే రంగులేని మరో పదార్థం ఉంది. వియన్నాకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ష్పేట్ తన సహచరుడితో కలిసి 1940లో దాని నిర్మాణాన్ని ప్రకటించాడు. చెట్టు పేరులోని టెరోకార్పస్ నుంచే దానికి టెరోస్టిల్బీన్ అన్న పేరు వచ్చింది. ద్రాక్షతొక్కలో దొరికే రెస్వెరట్రాల్‌కు ఇది దగ్గరి బంధువు. రెండూ మొక్కలు శిలీంధ్రాల దాడిని ఎదుర్కోవడానికి తయారు చేసుకునే స్టిల్బీన్ల జాతికి చెందినవి. కర్నూలు వైపు నల్లమలలో పెరిగే ఏగిస చెట్టు చేవలోనూ టెరోస్టిల్బీన్ ఉంది. ఆ కలపతో చేసిన గ్లాసులో రాత్రంతా నిలిపిన నీటిని మధుమేహానికి తాగే అలవాటు ఇప్పటికీ ఉంది.

మెదడుకూ టెరోస్టిల్బీన్‌కూ సంబంధం మూర్ఛ చేసే హాని వద్ద మొదలవుతుంది. మూర్ఛ ఎక్కువసేపు ఆగనప్పుడు గ్లుటమేట్ అనే ప్రేరక రసాయనం అతిగా విడుదలై, నాడీకణాల్లోకి కాల్షియం వెల్లువెత్తి, శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతిని, విచ్చలవిడిగా పుట్టిన ఆక్సిజన్ రాడికల్స్ కణాన్ని లోపలినుంచే చంపుతాయి. జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్ ఈ నష్టానికి ముందుగా గురయ్యే భాగాల్లో ఒకటి. సముద్రపు ఎర్రనాచు నుంచి తీసిన కైనిక్ ఆమ్లంతో ఎలుకల్లో మూర్ఛ తెప్పించి, రెస్వెరట్రాల్ ఆ హానిని తగ్గిస్తుందని 2002లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు చూపారు. రెస్వెరట్రాల్‌లోని రెండు హైడ్రాక్సిల్ సమూహాల స్థానంలో మిథాక్సీ సమూహాలు ఉండడంవల్ల టెరోస్టిల్బీన్ కొవ్వులో మరింత తేలికగా కరిగి, రక్తంలోకి ఎక్కువగా అందుతుంది కనుక దానిపైనా ఆసక్తి పెరిగింది; జీబ్రా చేపల్లోనూ ఎలుకల్లోనూ దాన్ని పరీక్షించారు. ఇవి ఆశ కలిగించేవే అయినా జంతువుల వరకే పరిమితమైన ప్రయోగాలు. మూర్ఛరోగానికి అది ఇంతవరకు ఆమోదం పొందిన మందు కాదు. వాడుతున్న మాత్రలు మాని చందనపు పొడి తాగడానికి ఈ ఫలితాలు ఏ ఆధారమూ ఇవ్వవు.

ఈ విషయం స్పష్టంగా చెప్పవలసిన అవసరం అడవి వైపు నుంచి కూడా ఉంది. దొంగరవాణా ఈ కొండల్లో ముదురు చెట్లనే కాక కూలికి దుంగలు మోసిన పేదల ప్రాణాలనూ బలిగొన్నది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995లోనే చేరింది. టెరోస్టిల్బీన్‌ను ఇప్పుడు రసాయనికంగా కర్మాగారంలోనే తయారు చేయగలుగుతున్నారు కనుక, దాని పరిశోధన ఎంత దూరం సాగినా అందుకోసం శేషాచలంలో ఒక్క చెట్టునైనా పడగొట్టవలసిన పని లేదు.