మక్కు దాచిన చరిత్ర

పోయిన సంక్రాంతికి బొమ్మల కొలువు సర్దుతుంటే మా ఇంటి అంబారీ ఏనుగు చేతిలోంచి జారి పడింది. తొండం విరిగిపోయిందనుకున్నాను. తీరా చూస్తే విరగలేదు, అతుకు విడిపోయింది. ఇన్నేళ్లూ ఒకే కొయ్యలో చెక్కారనుకున్న ఏనుగు నిజానికి ముక్కల ఏనుగు. పొద్దస్తమానం కోడ్‌లో మాడ్యూళ్లు రాసే నాకు ఇంట్లో ఉన్న మాడ్యూల్ కనిపించలేదన్నమాట!

కొండపల్లిలో తెల్ల పొణికి కొయ్యను సన్నటి సెగ మీద ఆరబెడతారు. మొండెం, తల, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతుకుతారు. ఆ ముద్ద పేరే మక్కు. ఆపైన సుద్ద, దాని మీద రంగులు. ఈ పని చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు.

ఆ తొండం చేతిలో పట్టుకుని ఉన్నప్పుడే, చాన్నాళ్లుగా కంప్యూటర్లో గీస్తున్న నా షాండ్లియర్ గుర్తొచ్చింది. షాండ్లియర్ కూడా ముక్కల పనే. హైదరాబాద్ చౌమహల్లా దర్బారు హాల్లోని 19 బెల్జియం షాండ్లియర్లను చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. 1958లో డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెనింగ్‌సెన్ 72 రేకుల్ని 12 వరసల్లో పేర్చి ‘ఆర్టిచోక్’ దీపం చేశాడు. ఏ వైపు నుంచి చూసినా లోపలి బల్బు కంటికి గుచ్చుకోదు. 1973లో హోల్గర్ స్ట్రోమ్ ఒకే అచ్చులో కోసిన 30 ముక్కల్ని జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి గోళం చేశాడు. అక్కడ ముక్కలన్నీ ఒకేలా ఉండి తీరాలి.

2007లో డేవిడ్ రట్టెన్ తయారుచేసిన గ్రాస్‌హాపర్ ఆ నియమాన్ని సడలించింది. ఒక సంఖ్య మారిస్తే 72 రేకులూ 72 రకాలుగా మారతాయి. దానికి మొదట పెట్టిన పేరు ‘ఎక్స్‌ప్లిసిట్ హిస్టరీ’. ఆకారం ఏ మెట్టు మీంచి ఏ మెట్టుకి వచ్చిందో అంతా బయటికి కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు.

ఆ సాఫ్ట్‌వేర్లో గీసిన కొయ్యరేకుల షాండ్లియర్ ప్రింట్లు పట్టుకుని కొండపల్లి వెళ్లాను. పొణికి తేలిక, వేలాడదీయడానికి అనువు. ఎల్‌ఈడీ పాత బల్బులంత వేడెక్కదు. సుద్ద తెలుపు వెలుగుని తిప్పికొడుతుంది. అంతా లెక్క వేసుకునే వెళ్లాను. అతుకుల దగ్గర అర మిల్లీమీటరు తేడా కూడా రాకూడదని చెబితే ఒక పెద్దాయన నవ్వాడు. “అంత లెక్కెందుకు బాబూ? సందు పడితే మక్కు ఉందిగా!”

నా రెండు నెలల లెక్కని ఆ ఒక్క మాట పక్కన పెట్టేసింది. నా పద్ధతిలో కచ్చితత్వమంతా ముక్కలో ఉండాలి. ఆయన పద్ధతిలో ముక్కకి కాస్త తప్పే హక్కుంది, ఆ తప్పుని అతుకు మోస్తుంది. అందుకే ఒకే చేతి కింద తయారైన రెండు ఏనుగులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. సంఖ్యలు మార్చి నేను తెప్పించాలనుకున్న వైవిధ్యం అక్కడ అడక్కుండానే వస్తోంది.

కాకపోతే మక్కు తన చరిత్రని తానే దాచేస్తుంది. సుద్ద పడ్డాక ఎన్ని ముక్కలో, ఎన్ని చేతులో ఎవరికీ తెలియదు. కనిపించని పనికి ధర కట్టేవాడు ఉండడు. కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది పేరుని కాపాడుతుంది, పొణికి చెట్టుని కాపాడదు, చుట్టుపక్కల అడవిలో ఆ చెట్టు అరుదవుతోంది. రేపు నాలాంటివాడే ఎవడో ప్లైవుడ్‌ని మెషీన్ మీద కోసి ‘కొండపల్లి స్టైల్ షాండ్లియర్’ అని అమ్మితే, అతుకు సంగతి తెలియని మనం కొనేస్తాం కూడా.

నా డిజైన్ ఇప్పుడు మార్చాను. రేకులకి కొలతలు ఇస్తున్నాను, అతుకులకి ఇవ్వట్లేదు. అతుకుల మీద రంగు వెయ్యొద్దని, మక్కు మక్కులాగే కనబడనివ్వమని అడిగాను. “వికారంగా ఉంటుంది బాబూ” అన్నాడు పెద్దాయన. ఇంకా ఒప్పుకోలేదు.

ఏనుగు తొండం మాత్రం అతికించి ఇచ్చాడు. ఎక్కడ ఊడిందో ఇప్పుడు నాకే కనిపించట్లేదు.