చారుదత్తుడు, సత్యంబాబు

తెలుగు పండితుడిగా పనిచేసిన రోజుల్లో పిల్లలకు శూద్రకుని మృచ్ఛకటికం కథ చెప్పేవాణ్ణి. అందులో తొమ్మిదవ అంకం న్యాయస్థానం. వసంతసేన గొంతు నులిమి, చనిపోయిందనుకొని వదిలివచ్చిన శకారుడే అక్కడ ఫిర్యాదుదారు. అతడు రాజుగారి బావమరిది. ఆనాడు విచారణ కుదరదన్న న్యాయాధికారిని, రాజుతో చెప్పి కొలువు తీయిస్తానని బెదిరిస్తాడు. నిర్దోషి చారుదత్తునికి మరణదండన పడుతుంది.

గవర్నర్‌పేటలో కోర్టుల పక్కగా నడిచినప్పుడల్లా నాకు ఆ అంకమే గుర్తుకు వస్తుంది.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టలులో ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి దారుణహత్యకు గురైంది. ఆమె పేరు ఇక్కడ వ్రాయను. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు పేద యువకుడు సత్యంబాబును అరెస్టు చేశారు. ఇతడు హంతకుడు కాడని మొదట అన్నది ఎవరో కాదు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులే! పలుకుబడి గలవారిని కాపాడుతున్నారని వారు ఆరోపించారు. అది ఋజువు కాలేదు కనుక, ఈ కథలో శకారుడు ఎవరో నేను చెప్పబోను. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా కోర్టు సత్యంబాబుకు యావజ్జీవ శిక్ష విధించింది.

2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. దర్యాప్తు తీరును తప్పుపట్టి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమన్నది. రాజమండ్రి జైలు నుండి అతడు బయటకు వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. ఆ లక్షను ఆ ఏళ్లతో భాగిస్తే రోజుకు ఎంత వస్తుందో లెక్కల మాస్టారిని అడగనక్కరలేదు.

కొందరు 'పోనీ, చివరికి న్యాయం గెలిచింది కదా' అంటారు. ఎవరికి గెలిచింది? 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించేనాటికి, సాక్ష్యంగా భద్రపరచవలసిన వస్తువులు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయని తేలింది. ఇక మిగిలింది మట్టి. 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల తరువాత, తెనాలిలో ఆ బిడ్డ సమాధిని త్రవ్వి అవశేషాలను పరీక్షించవలసి వచ్చింది.

నాటకంలో వసంతసేన ప్రాణాలతో తిరిగి వస్తుంది, చారుదత్తుడు బ్రతికిపోతాడు. లోకంలో చనిపోయినవారు వచ్చి సాక్ష్యం చెప్పరు. వారి పక్షాన మాట్లాడవలసినది సాక్ష్యమొక్కటే. నిరపరాధిని శిక్షించిన నాడే దాని నోరు నొక్కినట్లయింది. ఒక తప్పుడు తీర్పుకు ఇద్దరు బలి అవుతారు: జైలులో ఉన్నవాడు ఒకడు, సమాధిలో ఉన్నది రెండవది.